పాఠశాల మైదానము – కళాశాల జట్టు

కళాశాల జట్టు ఏదైన పోటీలో గెలిచినప్పుడు ఒక ఛాయాచిత్రము తీయింతురు. నడుమ కుర్చీలో ప్రిన్సిపాలుగారు, ఆయన ప్రక్కన ఫిజికల్ డైరెక్టరుగారు, వారి ముందు కప్పు, వెనుక రెండు వరుసలలో ఆటగాండ్రు. ఆ చిత్రములో ఒక వ్యక్తి మాత్రము ఎన్నడును కనిపింపడు. వెనుక వరుసలోని ఆ పిల్లవానిని పదునొకండవ ఏట చేరదీసి, కాలికి జోడైనను లేనివానిచేత మైదానము చుట్టును పరుగెత్తించి, “నీ చేయి సాగుచున్నదిరా, నీవు వాలీబాలు ఆడవలెను” అని మొట్టమొదట చెప్పిన వ్యక్తి ఆయన. ప్రభుత్వ కాగితములలో ఆయన వ్యాయామోపాధ్యాయుడు. పల్లెలో డ్రిల్లు మాస్టారు. పాఠశాలలలో వెనుకటి డ్రిల్లు చాలవరకు పోయినది గాని, ఆ పేరు మాత్రము పోలేదు.

ఆ మాస్టారికిని, కళాశాలలోని ఫిజికల్ డైరెక్టరుకును నడుమ ఎట్టి సంబంధము ఉండవలెనను విషయమును గూర్చి ఈనాడు ప్రసంగింపదలచితిని. ఇది క్రీడాభిమానులకు మాత్రమే పట్టిన విషయమని శ్రోతలు భావింపవలదు. ఇంట ఆటయం దాసక్తిగల ఆడపిల్లయో, మగపిల్లవాడో ఉన్న ప్రతి తల్లికిని, తండ్రికిని ఏదో ఒకనాడు ఈ ప్రశ్న ఎదురుకాక తప్పదు: పదియవ తరగతి ముగిసినది, ఇక వీని ఆట ఏమి కావలెను?

వీరులపాడు ప్రాంతమునే తీసికొందము. కృష్ణాజిల్లా యనగానే కాలువలు, వరిచేలు తలపునకు వచ్చును. కాని జగ్గయ్యపేట, నందిగామ, వీరులపాడు ప్రాంతము ఆ డెల్టాకు చెందినది కాదు. ఇది మెట్ట. మునేరు, వైరా, కట్టలేరు పారు సీమ; పత్తియు, మిరపయు పండు నేల. 2022వ సంవత్సరమున జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు ఈ మండలములు ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. వీరులపాడను పేరులోనే వీరులున్నారు గనుక ఇచటి క్రీడాకారులకు వేరొక సిఫారసు అక్కరలేదని ఎవరైన పరిహాసమాడవచ్చును. (పాడనగా ఇచట ఊరనియే అర్థము గాని పాడుపడుట కాదు.) పల్లెలలో కబడ్డీ, వాలీబాలు వ్యాపించుటకు కారణము చెప్పుట సులభము. వాలీబాలునకు రెండు గుంజలు, ఒక వల, ఒక బంతి చాలును. కబడ్డీకి అవియు అక్కరలేదు. సున్నముతో గీచిన గీతయు, కూత తెగని ఊపిరియు ఉన్న చాలును. సంక్రాంతి పోటీలు చూచినవారెవ్వరును పల్లెలలో ఆటకు పిల్లలు కరవైనారని అనజాలరు.

పాఠశాలల క్రీడలకు ఒక నిచ్చెన కలదు. మండలము, జిల్లా, రాష్ట్రము అను మెట్లమీదుగా పిల్లలు పైకి పోవుదురు. 1954లో ఏర్పడిన భారత పాఠశాలల క్రీడాసమాఖ్య పదునాలుగేండ్లలోపు, పదునేడేండ్లలోపు, పందొమ్మిదేండ్లలోపు వారికి వేరువేరుగా జాతీయస్థాయి పోటీలు నడపుచు వచ్చినది. కళాశాలలకు మరొక నిచ్చెన కలదు. కళాశాలల పోటీలలో రాణించినవారు విశ్వవిద్యాలయపు జట్టునకు ఎన్నికగుదురు. ఆ జట్లు అంతర విశ్వవిద్యాలయ పోటీలకు పోవును. ఈ ప్రాంతపు కళాశాలలు మొదట 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వవిద్యాలయము క్రిందను, పిదప 1976లో వెలసిన నాగార్జున విశ్వవిద్యాలయము క్రిందను ఉండి, 2008లో మచిలీపట్టణమున కృష్ణా విశ్వవిద్యాలయము ఏర్పడిన పిమ్మట దాని పరిధిలోనికి వచ్చినవి. ఇట్లు రెండు నిచ్చెనలు ప్రక్కప్రక్కన నిలిచియున్నవి. ఒకదాని చివరిమెట్టునుండి రెండవదాని మొదటిమెట్టునకు దాటుటకు మాత్రము పలక లేదు.

ఆ లోతు ఎచటనున్నది? ఇంటర్మీడియటులో. 1971లో ఇంటర్మీడియటు విద్యామండలి ఏర్పడి, ఈ రెండేండ్ల చదువు పాఠశాలకును డిగ్రీ కళాశాలకును నడుమ ప్రత్యేకమైన అంతస్తుగా స్థిరపడినది. పదియవ తరగతిలో జిల్లాజట్టున ఆడిన పిల్లవాడు విజయవాడ వంటి పట్టణములో ఒక జూనియరు కళాశాల వసతిగృహమున చేరును. అది పలు అంతస్తుల మేడ. తెల్లవారుజామున లేచినది మొదలు రాత్రి పండుకొనువరకు చదువే. మైదానమున్నదా అని అడుగుట అచట అమర్యాదగా తోచును. పదునారు, పదునేడేండ్ల ప్రాయము ఎముక సాగి కండపట్టు కాలము. ఆటగాడు నిజముగా తయారగుటకు తగిన కాలము. ఆ రెండేండ్లును బల్లమీద గడచిపోవును. తరువాత డిగ్రీలోనో, ఇంజనీరింగులోనో చేరినప్పుడు “ఆటలు వచ్చినవారు పేరు లియ్యుడు” అని ప్రకటన పలక మీద కాగితము అంటింతురు. అప్పటికి వాడు తన పేరియ్యడు.

తలిదండ్రులను ఇందుకు నిందించుట నాకు సమ్మతము కాదు. పత్తిచేనుమీద అప్పు తెచ్చి ఫీజు కట్టిన తండ్రికి బిడ్డ ఉద్యోగము ముఖ్యము. ఆటవలన కళాశాలలో సీటు రావచ్చుననియు, ఫీజు తగ్గవచ్చుననియు, తరువాత పోలీసుశాఖలోను, రైల్వేలోను క్రీడాకారులకు ఉద్యోగములు లభింపవచ్చుననియు ఆయనకు నమ్మకముగా చెప్పువారుండవలెను గదా! కళాశాలవారు చెప్పినయెడల ప్రకటన యనుకొనును. ఊరిలోని డ్రిల్లు మాస్టారు చెప్పినచో వినును. కళాశాలకు ఈ మాస్టారితో స్నేహము కావలసిన మొదటి కారణ మిది.

రెండవ కారణము ఇంకను సూక్ష్మమైనది. ఎంపికపోటీనాడు గంటసేపు చూచిన పరీక్షకునకు పిల్లవాని ఎత్తు తెలియును, వేగము తెలియును. మాస్టారికి తెలిసిన విషయములు వేరు. పత్తితీతల దినములలో ఏ ఇంటి పిల్ల వారమునకు మూడునాళ్ళు బడికి రాదో ఆయనకు తెలియును. ఎవని తల్లి పొడగరియో, ఎవని అన్న పదునెనిమిదవ ఏట హఠాత్తుగా జానెడు పెరిగెనో తెలియును. ఓడిన మరునాడు ఎవడు మైదానమునకు అందరికంటె ముందుగా వచ్చునో, ఎవడు తలనొప్పి యని ఇంట పండుకొనునో తెలియును. ఏ ఆడపిల్లను సాయంత్రము ఆరు దాటిన పిదప ఇంటికి చేర్చుటకు మనిషి లేడో, అందువలన ఆ పిల్ల ఏ పోటీకి ఎందుకు రాలేదో తెలియును. ఈ జ్ఞానము ఏ ధ్రువపత్రములోను వ్రాసియుండదు. మాస్టారిని కూర్చుండబెట్టి అడిగినవారికే లభించును.

ఒకప్పుడు మనవద్దనే ఈ రెండు కన్నులును ఒకే ముఖమున ఉండినవి. సయ్యద్ అబ్దుల్ రహీమ్‌గారు 1909లో హైదరాబాదున జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టము పుచ్చుకొని కాచిగూడ మాధ్యమిక పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరిరి. తరువాత వ్యాయామవిద్యలో డిప్లొమా గడించి దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలలో ఆటల బాధ్యత వహించిరి. అనగా ఆయనయు డ్రిల్లు మాస్టారే! 1950 మొదలుకొని హైదరాబాదు నగర పోలీసుల ఫుట్‌బాలు జట్టునకు శిక్షకులైరి. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు ఏటేట తప్పక, ఐదుమార్లు వరుసగా బొంబాయి రోవర్స్ కప్పు గెలుచుకొన్నది. ఆయన శిక్షణలో భారతజట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఏషియా క్రీడల స్వర్ణపతకము సాధించినది. 1956 మెల్బోర్ను ఒలింపిక్సులో నాలుగవ స్థానమున నిలిచినది. ఆ స్థాయికి భారత ఫుట్‌బాలు తిరిగి చేరలేదు. 1963 జూన్ 11వ తేదీన ఆయన కాన్సరు వ్యాధితో కన్ను మూసిరి.

రహీమ్‌గారి పద్ధతులలో నాకు అన్నిటికంటె నచ్చినది పోటీలను పాఠములుగా మలచుట. బంతిని కాలియొద్ద అట్టిపెట్టుకొని త్రిప్పరాదు, అందిన వెంటనే అందింపవలెనను నియమముతో కొన్ని పోటీలు పెట్టిరి. వాటము లేని కాలితోనే తన్నవలెనని మరికొన్ని పెట్టిరి. పిల్లవానికి ఉపన్యాసము చెప్పిన లాభము లేదు, ఆటలో పెట్టి నేర్పవలెను అను సంగతి తరగతిగదిలో సుద్దముక్క పట్టినవానికి తెలిసినట్లు మరెవ్వరికిని తెలియదు. సికింద్రాబాదు చేరువనున్న అమ్ముగూడలో పుట్టి, 1956, 1960 ఒలింపిక్సులలో ఆడిన తులసీదాస్ బలరాం ఆయన కంటబడి పైకి వచ్చినవారిలో నొకరు. పాఠశాల పిల్లల ఆటయు, దేశపు జట్టు ఆటయు ఒకే మనిషి చూచుచుండుటచేత నడుమ వారధి అక్కరలేకపోయినది. అట్టివారు నూరేండ్ల కొకరు పుట్టుదురేమో. వారు లేనిచోట వారధి కట్టుకొనక తప్పదు.

వారధి కట్టుటలో ఆరితేరినవారు అమెరికావారు. వారి ఫుట్‌బాలు మన ఫుట్‌బాలు కాదు. రెండు కొనలు మొనతేలిన బంతిని చేతబట్టి ఒకరినొకరు త్రోసికొనుచు పరుగెత్తు ఆట. అచట ఉన్నత పాఠశాలలలో ఏటేట ఇంచుమించు పదిలక్షల మంది బాలురు ఆ ఆట ఆడుదురు. వారిలోనుండి విశ్వవిద్యాలయములు తమ జట్లను కూర్చుకొనవలెను. అందుకై విశ్వవిద్యాలయపు శిక్షకులు దేశమును ప్రాంతములుగా పంచుకొని పాఠశాలలు తిరుగుదురు. ఏ పాఠశాలకు పోయినను మొదట దర్శించునది పిల్లవానిని కాదు, అచటి శిక్షకుని. మార్కులెట్లున్నవి, వేళకు వచ్చునా, ఇంట తల్లితో ఎట్లు మాటలాడును అని అడుగుదురు. వసంతకాలమున పాఠశాలల శిక్షకులను తమ మైదానమునకు ఆహ్వానించి, తాము నేర్పు విధానమును దాపరికము లేక చూపుదురు. నల్లబల్లమీద ఎత్తుగడలు వివరింతురు. దానివలన ఆ సంవత్సరమే ఆటగాడు లభింపకపోవచ్చును. ఐదేండ్లకు లభించును. ఆ పాఠశాల శిక్షకుడు కోరునది ధనము కాదు, నిజము. మీ వానిని చేర్చుకొందుమని మాట యిచ్చి తప్పిన విశ్వవిద్యాలయమును అతడు మరల నమ్మడు.

ఇదంతయు నందనవనమని నేను చెప్పబోను. ధనము ప్రవహించుచోట మనసులును వంకరపోవును. ఒక గొప్ప ఆటగాని కొరకు వాని పాఠశాల శిక్షకునికే తమవద్ద ఏదో ఒక కొలువిచ్చు వాడుక పుట్టినది. 1906లో ఏర్పడిన కళాశాలల క్రీడాసంఘము దానికి అడ్డుకట్ట వేయవలసి వచ్చినది: విద్యార్థి చేరుటకు ముందు రెండేండ్లు, చేరిన పిదప రెండేండ్లు వానికి సంబంధించిన మనిషిని శిక్షకేతరమైన కొలువులలో పెట్టుకొనరాదని పెద్ద ఫుట్‌బాలు జట్లకు 2017లో నియమము చేసిరి. 2021 మొదలు విద్యార్థులు ఒక విశ్వవిద్యాలయమునుండి మరొకదానికి మారి, ఒక యేడు ఆగకయే ఆడుటకు వీలు కలిగినది. అప్పటినుండి పలు విశ్వవిద్యాలయములు పాఠశాలలు తిరుగుటకంటె, ఇతరులు తయారుచేసిన ఆటగాండ్రను తెచ్చుకొనుటకే మొగ్గుచున్నవి. పాఠశాలల శిక్షకులు దీనికి నొచ్చుకొనుచున్నారు.

ఈ చివరి మాట వినగానే మనవారు కొందరు ముసిముసి నవ్వులు నవ్వుకొందురు. తయారైన ఆటగాని కొరకు వెదకుట మనకును క్రొత్త కాదు. పోటీల కొక్క నెల ముందు ఎచటనుండియో ఒక దృఢకాయుడు వచ్చి చేరును. తరగతిలో ఎవ్వరును అతనిని చూచి యెరుగరు. కప్పు వచ్చిన మరునాడు అతడును కనిపింపడు. అది కళాశాలకు పేరు తెచ్చునేమో గాని, అతనికి చదువు రాదు. అతనికి ఆట నేర్పిన మాస్టారికి ఆ సంగతి తెలిసినప్పుడు, మరొక పిల్లవానిని ఆ కళాశాలకు పంపుటకు ఆయనకు చేతు లాడవు.

సంబంధము సవ్యముగా ఫలించినప్పుడు ఏమగునో చూపు ఉదాహరణము దూరమున లేదు. విశాఖపట్టణపు జ్యోతి యర్రాజి 1999లో జన్మించినది. తండ్రి కావలివాడు, తల్లి ఇండ్లలో పనిచేసికొను సామాన్యురాలు. పోర్టు ఉన్నత పాఠశాలలో చదువుచుండగా ఆమె పొడవును గమనించి, ఇది హర్డిల్సు పరుగునకు తగిన కాయమని గుర్తించినది పాఠశాల వ్యాయామోపాధ్యాయుడే. 2015లో రాష్ట్ర అంతరజిల్లా పోటీలలో స్వర్ణము వచ్చినది. మరుసటి యేడు హైదరాబాదు కేంద్రమున నాగపురి రమేష్‌గారి శిక్షణలో చేరినది. అనగా పాఠశాలకును పై శిక్షణకును నడుమ లోతు ఆమెకు అడ్డుపడలేదు. 2020లో మూడబిద్రిలో జరిగిన అంతర విశ్వవిద్యాలయ పోటీలలో నాగార్జున విశ్వవిద్యాలయము పక్షమున నూరు మీటర్ల హర్డిల్సును 13.03 సెకండ్లలో పరుగెత్తినది. అప్పటి జాతీయ రికార్డుకంటె అది మిన్న. కాని ఆ పోటీలలో మాదకద్రవ్య పరీక్షల ఏర్పాటు లేకపోవుటచేత ఆ రికార్డును అంగీకరింపలేదు! పిల్ల తన పని తాను చేసినది. పెద్దలు చేయవలసిన ఏర్పాటు మిగిలిపోయినది. 2023లో బాంకాకులో ఏషియా చాంపియనుగా నిలిచి, అదే సంవత్సరము చెంగ్డూలో ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడలలో 12.78 సెకండ్లతో కాంస్యము గెలిచినది. 2024 పారిస్ ఒలింపిక్సులో ఆ పందెమున పాల్గొన్న తొలి భారతీయురాలు ఆమెయే. ఈ వరుసనంతటిని వెనుకకు త్రిప్పుకొనుచు పోయినచో మొదటి కొనయందు, పదియవ తరగతి బాలికను ఎగాదిగ చూచిన ఒక ఉపాధ్యాయుడు నిలిచియుండును.

కావున మన మెట్టలో కళాశాలలు చేయగలిగినదేమి? పెద్ద ధనము కావలసిన పని కాదు. ఫిజికల్ డైరెక్టరు ఏడాదికి రెండుమార్లు, పోటీలు లేని దినములలో, వీరులపాడు, జుజ్జూరు వంటి ఊళ్ళ ఉన్నత పాఠశాలలకు స్వయముగా పోవలెను. ప్రధానోపాధ్యాయునికి వందనము చేసి మైదానమునకు నడచి, మాస్టారితో ఒక సాయంత్రము కూర్చుండవలెను. పిల్లలను అడుగుటకు ముందు మాస్టారికి ఏమి కావలెనో అడుగవలెను. చినిగిన వలయో, గాలి నిలువని బంతియో ఉండును. కళాశాలలో పాతబడిన దానిని ఇచ్చినను సంతోషించును. క్రొత్తది ఇచ్చిన మరింత మేలు. వేసవి ముందు ఒక ఆదివారము చుట్టుప్రక్కల మాస్టారులనందరిని కళాశాలకు పిలిచి, మారిన నియమములను, గాయములైనప్పుడు తీసికొనవలసిన జాగ్రత్తలను చర్చింపవచ్చును. 1920లో హారీ క్రో బక్ మదరాసులో వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాల స్థాపించినప్పుడు ఉద్దేశించినది ఇట్టిదే: కళాశాల యను దానికి ముఖ్యమైన పని కప్పులు గెలుచుట కాదు, పాఠశాలలకు గురువులను తయారుచేయుట.

మాటలో నిజాయితీ అన్నిటికంటె ముఖ్యము. ఫీజు పూర్తిగా తగ్గింతురా, సగము తగ్గింతురా, మొదటి యేటికి మాత్రమా, మూడేండ్లకును ఉన్నదా, మోకాలు దెబ్బతిని ఆడలేకపోయిన విద్యార్థికి ఆ తగ్గింపు నిలుచునా అను సంగతులు చేరుటకు ముందే మాస్టారి ఎదుట, తండ్రి ఎదుట కాగితముమీద పెట్టవలెను. మోకాలి ప్రశ్నను ఎవ్వరును అడుగరు; తలిదండ్రులు దీనిని తప్పక అడుగవలెనని నా మనవి. చేరిన తరువాత ఏటికొక్క ఉత్తరమైనను మాస్టారికి వ్రాయవలెను: మీ వాడు పరీక్షలలో ఇట్లున్నాడు, ఆటలో ఇంతవాడైనాడు అని. ఈనాడు ఉత్తరము కాకున్న ఫోనులో ఒక మాట. అంతకంటె తక్కువ ఖర్చుతో దొరకు గౌరవము లేదు.

ఇంటర్మీడియటు లోతు మాటకు మరల వత్తును. మైదానము లేని జూనియరు కళాశాలలకు రేపే మైదానము లెవ్వరును సృష్టింపలేరు. కాని నందిగామలోను, జగ్గయ్యపేటలోను చదువుకొను ఇంటర్మీడియటు పిల్లలు, వసతిగృహములలో చేరక ఇంటినుండియే పోయివచ్చువారు, ఎందరో యున్నారు. డిగ్రీ కళాశాల మైదానమును సాయంత్రవేళ వారికి తెరచి, తన జట్టుతో కలిసి ఆడుకొననిచ్చినచో వారి రెండేండ్లును వ్యర్థము కావు. ఎవరిని పిలువవలెనో పాఠశాల మాస్టారుల నడిగినచో పేర్లు చెప్పుదురు. అభ్యాసము ఎన్నిగంటలకు ముగింపవలెనో కూడ వారినే అడుగవలెను. వీరులపాడు వైపు పోవు చివరి బస్సు వేళ ఫిజికల్ డైరెక్టరుగారికి తెలియకపోవచ్చును. మాస్టారికి తెలియును.